వానలో పొడిగా ఉన్న రెండు కన్నాలు

బస్సు మలుపు తిరిగి చప్పున ఆగింది. రోడ్డుకు అడ్డంగా ఎర్రగుడ్డలు కట్టిన తాడు, తాడు పక్కన గొడుగు కింద ఒక మనిషి. అరవై దాటి ఉంటాయి. చేతిలో తనకంటే మూరెడు పొడుగున్న ఇనుప చువ్వ.

డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఏం మేస్త్రీ, కొండకి మళ్ళీ జలుబు చేసిందా?"

"జలుబు చేస్తే బాగుండేది నాయనా! కారాల్సిన ముక్కు కారట్లేదు. అదీ నా బాధ. బండి వెనక్కి తీసి ఆ మలుపు అవతల పెట్టు."

బస్సులో కూర్చుని ఎదురుచూడటం నాకు చేతకాని పని. దిగిపోయాను. చేరిన ఊళ్ళలో కంటే ఆగిన దారుల్లోనే నాకు మంచి మనుషులు తగిలారు. ఇదీ అలాంటిదేననిపించింది.

మూడు రోజులుగా వాన. పొద్దుట్నించి కాస్త తెరిపి ఇచ్చింది. రోడ్డుకు ఒక పక్క లోయ, ఇంకో పక్క కొండ జారకుండా కట్టిన రాతిగోడ. మూడు నిలువుల ఎత్తు, ఎనభై అడుగుల పొడవు. గోడ కింది వరసలో పిడికిలి పట్టే కన్నాలు, ఒక్కోదాని కింద సున్నంతో ఒక్కో అంకె. కన్నాల నుంచి ఎర్రనీళ్ళు రోడ్డు మీదికి దూకుతున్నాయి. నడిమధ్యన, గోడకు వీపు ఆనించి, రేకుల టీ హోటలు.

"ఇంత నీరు కారుతుంటే గోడకు ప్రమాదం కాదూ?" అని అడిగాను.

మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు. "కారకపోతేనే ప్రమాదం పెద్దాయనా. గోడ మట్టిని మోస్తుంది. మట్టి వెనకాల నీళ్ళు నిలబడి తోశాయనుకో, దాని తాత కూడా మొయ్యలేడు. అందుకే కట్టేటప్పుడే కన్నాలు పెడతాం. ఇరవై ఆరు ఉన్నాయి. ఇరవై నాలుగు పారుతున్నాయి. పధ్నాలుగు, పదిహేను ఆ హోటలు లోపల పడ్డాయి. గుమ్మంలోంచి ఒక్క చుక్క బయటికి రావట్లేదు. వానలో పొడిగా ఉన్న కన్నం కంటే భయం ఇంకోటి లేదు."

హోటలు పైన గోడలో ఒక పగులు వంకరగా పోతోంది. దాని మీద అడ్డంగా సిమెంటుతో అతికించిన గాజుపలక ఉంది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుందట. నాలుగేళ్ళ కిందట కొండలు పరీక్షించే జియాలజిస్టు అమ్మాయి వచ్చి నేర్పిన విద్య అది. పలక మీద మేకుతో గీసిన తేదీ ఉంది. తేదీ మధ్యలోంచి పగిలి ఉంది.

"ఇవాళ పొద్దున పగిలింది. ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. ఈ గోడ కట్టినప్పుడు లెక్కేసుకున్న వాన వేరట. నెలంతా కురవాల్సింది ఇప్పుడు రెండు పూటల్లో దిగుతోంది. కన్నాలు అవే, కొండ అదే, ఆకాశం మారింది."

ఇదంతా చెబుతూ ఆయన హోటలు వంకే చూస్తున్నాడు. గిరాకీలను పంపేశాడు గానీ హోటలు యజమాని మాత్రం లోపలే ఉన్నాడు. ఆ యజమాని ఆయన భార్యకు తమ్ముడు. పోయినేడు మేస్త్రీ రెండుసార్లు దారి మూయించాడు. రెండుసార్లూ గోడ చెక్కుచెదరలేదు. అప్పట్నించి బావమరిదికి ఆ ఎర్రతాడంటే ఒళ్ళు మంట.

"ఒరేయ్, బయటికి రారా!" అని మేస్త్రీ కేకేశాడు.

"పాలు కాగుతున్నాయి బావా! అయినా మా అక్కని నీకిచ్చింది నా హోటలు మూయించడానికా?"

"నీ బీరువా వెనకాల కన్నాలు ఏమయ్యాయిరా?"

"మూసేశా. పంచదార డబ్బాల మీద బురద కారుతుంటే నెత్తిన పెట్టుకోమంటావా? నున్నగా పూత కూడా పూశా. పూత పని నేర్పింది నువ్వేగా!"

మేస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. కోపమేమో అనుకున్నాను. కాదు. జేబులోంచి ఫోను తీసి, ఎవరితోనో రెండు ముక్కలు చెప్పి, దాన్ని చువ్వ చివర సంచిలో వేలాడదీసి, పక్క కిటికీలోంచి లోపలికి చాపాడు. లోపల్నించి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"ఒరే, మూడంకెలు లెక్కపెట్టేలోగా బయట ఉండాలి. గోడ నిన్ను వదిలినా నేను వదలను!"

"అక్కా, పాలు..."

"ఒకటి!"

రెండు అనే లోపల బావమరిది పాలగిన్నెతో సహా రోడ్డు మీద ఉన్నాడు. బస్సు జనం ఈలలు వేశారు.

మేస్త్రీ నవ్వలేదు. అందరినీ మలుపు దాకా వెనక్కి తరిమి, హోటలు పక్క రేకు ఒకటి ఊడదీసి, గోడకు ఎదురుగా కాకుండా ఓరగా నిలబడి, చువ్వతో పొడవడం మొదలుపెట్టాడు. చువ్వ అంత పొడుగెందుకో అప్పుడు తెలిసింది. ఏడో పోటుకు పూత పెళ్ళలుగా రాలింది. ఎనిమిదో పోటుకు గోడ ఒక్కసారి దగ్గినట్టయి నీటిధార బీరువాను తన్నింది. రెండో కన్నం ఇంకా మొండికేసింది. అది తెరుచుకునేసరికి బురద, డబ్బాలు, స్టూళ్ళు, ఒక చెప్పు, అన్నీ కలిసి గుమ్మంలోంచి ఊరేగింపుగా బయలుదేరాయి.

"పోయింది నా పంచదార!" అని బావమరిది నెత్తి పట్టుకున్నాడు.

"పోనీలే, లోయలో కప్పలు ఇవాళ తియ్యటి టీ తాగుతాయి," అన్నాడు డ్రైవరు.

నీళ్ళు కాస్త పలచబడ్డాక మేస్త్రీ దిగువన పగులు అందినచోట కొత్త గాజుపలక అతికించి, తేదీ గీసి, ఎదురుగా, లోయ వైపు రోడ్డు పక్కనున్న కాలవ గట్టు మీద చతికిలబడ్డాడు. గంటన్నర దాన్నే చూశాడు. బావమరిది తిట్లకు సిద్ధపడి, తల వంచుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తిట్టు బావా."

"ఏ మొహం పెట్టుకుని తిట్టనురా? ముప్పై ఏళ్ళ కిందట పెద్దాఫీసరు వస్తున్నాడని, ఇంకో గోడ మీద చారలు బాగోలేవని, ఇరవై కన్నాలు నా చేత్తోనే మూసి సున్నం కొట్టా. ఆయన నా భుజం తట్టాడు. పంతొమ్మిదో రోజున గోడ వచ్చి రోడ్డురోలరు మీద కూర్చుంది. రోలరు డ్రైవరు అన్నానికి వెళ్ళాడు కాబట్టి బతికాడు. ఇప్పటికీ కనబడితే దండం పెడతాడు. నాక్కాదు, తన ఆకలికి."

ఆ మర్నాడే ఆయన గోడలు కట్టడం మానేసి, ఈ చువ్వ పని అడిగి వేయించుకున్నాడట. ఈ దారిలో పదకొండు గోడలు. రోజూ అన్ని కన్నాలూ పొడిచి చూస్తాడు.

గాజు పగల్లేదు. మేస్త్రీ ఆ జియాలజిస్టు అమ్మాయికి ఫోను చేసి మాట్లాడాడు. ఒక్కొక్క బండీ, నెమ్మదిగా, లోయ అంచున పోవచ్చని చెప్పిందట. తాడు విప్పాడు. బావమరిది స్టూళ్ళు ఏరుకుని, మలుపు అవతల బయలు జాగాలో వరసగా వేసుకోవడం మొదలుపెట్టాడు.

"వాన తగ్గేదాకానే సుమా!" అని గట్టిగా అన్నాడు. ఎవరూ అడగలేదు.

స్టవ్వు అక్కడే వెలిగింది. పంచదార లేని టీ మూడు గ్లాసుల్లో పోసి, ఒకటి నా చేతిలో పెట్టి, "బావా, ఇదిగో!" అంటూ తిరిగాడు.

కాలవ గట్టు మీద ఎవరూ లేరు. తర్వాతి గోడ దగ్గర, చువ్వ భుజాన వేసుకుని, ఆయన ఒక్కో కన్నం దగ్గరా వంగి చూస్తూ పోతున్నాడు.

"బావా, టీ!"

మేస్త్రీ తిరిగి చూడలేదు. వేలు చాపి అంకెలు లెక్కపెట్టుకుంటూ మలుపు తిరిగిపోయాడు.