చింతపండు ముందే నానబెట్టాను

ఎండలు తగ్గాయి కదా అని ఈ రోజు అల్లుడు నన్నూ నా బిడ్డనూ దుఖాన్ అనే ఊరి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. అతనికి చేపలు పట్టే సరదా. నేను పొద్దున్నే పులుసుకు చింతపండు నానబెట్టి, మసాలా నూరి మరీ బయల్దేరాను.

అతని గాలానికి ఎర ఉండదు. కోడి ఈకను దారంతో గాలం ముల్లుకు చుట్టి, రొయ్యపిల్లలా చేసి విసురుతాడు. విసిరినప్పుడల్లా ఆ ముల్లు ఎవరి కంట్లో గుచ్చుకుంటుందోనని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అతను మోకాలి లోతులోనే ఉన్నా “లోపలికి పోకు బిడ్డా” అని అరుస్తూనే ఉన్నాను.

సాయంత్రానికి మూరెడు చేప పడింది. ముల్లు మెల్లగా తీసి, దాన్ని నీళ్ళలోనే పట్టుకుని అడిగాడు.

“అత్తమ్మా, నేనైతే ఎప్పుడూ ఇడిసిపెడ్త. ఇయ్యాల నీ పులుసుకు తీసుకపోదామా?”

అది నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

“అయ్యో, దానికి దమ్ము ఆడ్తలేదు గావచ్చు. జల్ది ఇడువు!” అన్నాను.

“మసాలా నూరింది నువ్వే కదనే అమ్మా!” అని నా బిడ్డ ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి అదే చింతపండుతో బెండకాయ పులుసు పెట్టాను. ఇద్దరూ మళ్ళీ వడ్డించుకుని తిన్నారు. నాకే ఒక రంది పట్టుకుంది. ఆ చేప మూతికైన పుండు ఉప్పునీళ్ళకు మండుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.