మిరుగం ఏ తారీకు?

గద్వాల పాత బస్టాండు దగ్గర సైకిళ్ళకు పంక్చర్లు వేసే బాబు మియా కూతురు మెహజబీన్. డిగ్రీ పూర్తిచేసి, ఊళ్ళోనే ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, రెండు వేల ఏడు వేసవిలో మా పత్తి విత్తనాల కంపెనీ ఆఫీసులో చేరింది. పొట్టి మనిషి. మాట మెల్లగా ఉంటుంది, నవ్వు మాత్రం పక్క గదిలోకి వినిపిస్తుంది. ఆమె గురించి మంచి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ నేను చెబితేనే వినాలి. ఆమెను చూసి నేను ఏడ్చినంతగా ఈ గద్వాలలో ఇంకెవరూ ఏడ్చి ఉండరు.

నా పేరు నాగేశ్. మాది మల్దకల్, వ్యవసాయ కుటుంబం. ఆమె రాకముందు ఆరేళ్ళపాటు ఆ ఆఫీసులో రిజిస్టర్లన్నీ నావే. ఏ రైతు ఎన్ని ఎకరాల్లో విత్తనపు పత్తి వేశాడు, ఎప్పుడు వేశాడు, అంతా నా చేతిరాతలో ఉండేది. మేనేజరు జయరాజు సారుకు ఏం కావాలన్నా "నాగేశ్!" అని కేక వేసేవాడు. నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని, కావాలనే కాస్త ఆలస్యంగా, కాస్త బిగువుగా వెళ్ళేవాణ్ణి. ఆ బిగువంటే నాకు ప్రాణం.

ఆ ఏడాది హైదరాబాదు హెడ్డాఫీసు రిజిస్టర్లు మానేసి, రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టించింది. వెంటనే ఇంకో కబురు కూడా వచ్చింది. రిపోర్టులు చూసుకోవడానికి ఒక్కరిని పర్మినెంట్ చేస్తారట. ఆగస్టు చివర జయరాజు సారు ఒక పేరు రాసి పంపాలి. మెహజబీన్‌దీ నాదీ ఏటేటా తిరగరాసే కాంట్రాక్టే. ఆ కాగితం మీద ఎవరి పేరు పడుతుందా అన్నది తప్ప నాకు వేరే ధ్యాస లేకుండా పోయింది.

మొదట్లో ఆ సాఫ్ట్‌వేర్ ఏది అడిగినా మూడు వేల వరసలు కక్కేది. సారుకు కావలసింది పోయిన వారంలో మల్దకల్ రైతుల పేర ఎక్కిన విత్తనాల చీట్లు మాత్రమే. ప్రింటరు ఆగకుండా కాగితం మింగుతుంటే నేను లోలోపల నవ్వుకున్నాను. ఆమె నాలుగు రోజులు దాని ముందు కూర్చుని తెర మీద రెండు గడులు పెట్టింది. ఒకటి ఫ్రమ్ డేట్, ఒకటి టు డేట్. పక్కన మండలాల జాబితా. తెరవగానే పోయిన సోమవారమూ ఈ రోజూ వాటంతటవే ఆ గడుల్లో వచ్చి కూర్చుంటాయి. సారు మల్దకల్ అని ఎంచి ఒక్క నొక్కు నొక్కితే పద్నాలుగు వరసలు వచ్చాయి.

"గింతేనా! గిదేనా మనం గిన్ని దినాలు పరేషానైంది?" అన్నాడు సారు. నా వైపు చూడలేదు కానీ ఆ మాట నాకే అన్నట్టు తగిలింది.

ఆ రోజు నుంచి టీ ముందు ఆమె బల్లకే వెళ్ళేది. చక్రాల కుర్చీ ఆమెకే వచ్చింది. ఒక రోజు సిగ్గు లేకుండా లెక్కపెట్టాను. సారు నోట ఆమె పేరు పదకొండు సార్లు వచ్చింది, నా పేరు రెండు సార్లు. అందులో ఒకటి ఫ్యాను ఆపమని.

జులై మొదట్లో మద్దిలేటి కేకలు వేసుకుంటూ వచ్చాడు. అతను చేలు తిరిగి రైతుల దగ్గర చీట్లు రాసుకొచ్చే మా ఫీల్డు మనిషి. జూన్ ముప్పై నాడు ఎక్కించిన అతని చీట్లు నెల రిపోర్టులో ఒక్కటీ లేవు. నాకు పండగలా అనిపించింది. ఆమె కంగారు పడకుండా, ఆ చీట్లు ఏ వేళకు ఎక్కాయో చూసింది. మధ్యాహ్నం మూడింటికి. అంతే, ఏదో అర్థమైనట్టు తల ఊపి, పావుగంటలో సరిచేసింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి మరీ చెప్పింది.

"నాగేశన్నా, ముప్పై తారీకు దాంక అంటే మనకు ముప్పై సుత కలిసినట్టే కదా. దీనికి గట్ల తెల్వదు. ముప్పై మొదలు కాంగనే తలుపు మూస్తది. గందుకే ఒకటో తారీకు కంటే ముందటివన్నీ తెమ్మని చెప్పిన."

నాకు అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా మండింది. నా దగ్గరా కంప్యూటర్ సర్టిఫికెట్ ఉంది, ఇంట్లో అద్దం కట్టించి పెట్టుకున్నాను. ఆ ఆలోచన నాకెందుకు రాలేదు?

జులై మధ్యలో నాకు అవకాశం దొరికింది. విత్తిన తేదీ లేకపోతే సాఫ్ట్‌వేర్ చీటీని తీసుకోదు. మా రైతులు తేదీలు ఎక్కడ చెబుతారు? "మిరుగంల ఏసిన" అంటారు, ఫీల్డు మనుషులు అదే రాసుకొస్తారు. అలాంటి చీట్లు రెండు వందల పన్నెండు. ఆమె ఆ కట్ట పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"అన్నా, మిరుగం నాడు చేపలు తింటరు కదా. మా అబ్బ సుత తెస్తడు. అది ఏ తారీకు?"

టౌనులో మిరుగం అంటే చేపలు తినే ఒక్క రోజు. చేను చేసేవాడికి మిరుగం అంటే కార్తె, జూన్ ఎనిమిది నుంచి రెండు వారాలు. వాన పడేదాకా ఆగి, ఆ రెండు వారాల్లో ఏదో ఒక రోజు విత్తనం పెడతారు. ఆ సంవత్సరం మా వైపు వాన ఇరవయ్యో తేదీకి గానీ పడలేదని నాకు తెలుసు. మా చేనే ఆ రోజు వేశాం.

"జూన్ ఎనిమిది" అన్నాను.

అబద్ధం కాదు. చేపలు తినేది ఆ రోజే. ఆమె థాంక్స్ చెప్పి వెళ్ళి, రెండు వందల పన్నెండు చీట్లకూ జూన్ ఎనిమిది అని కొట్టింది. కీబోర్డు టకటకలు సాయంత్రం దాకా వినిపించాయి. ఎన్నాళ్ళకో నాకు అన్నం రుచిగా అనిపించింది.

విత్తిన యాభై ఐదో రోజుకు పువ్వు కనిపిస్తుంది. అప్పుడు హెడ్డాఫీసు నుంచి కంపెనీవాళ్ళు వచ్చి, పువ్వును చూసి కల్తీ మొక్కలు పీకించాలి. ఆ పని కాకుండా, పువ్వులకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగు మొదలుపెడితే ఆ రైతు విత్తనం కంపెనీ తీసుకోదు. ఆ లెక్కన రిపోర్టు చూపిన తేదీకి, అంటే ఆగస్టు రెండున, రెండు జీపుల్లో మనుషులు దిగారు. మధ్యాహ్నానికల్లా దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చారు. మొదటి చేను ఇందిరమ్మది. "పువ్వు రాకముందే ఏం చూడనీకె వచ్చిండ్రు సారూ? మొగ్గనన్న పడనీయుండ్రి" అని ఆమె చేనుగట్టు మీద నిలబడి నవ్విందట. ఆ తర్వాత చూసిన చేలల్లోనూ అంతే.

జీపుల్లో వచ్చిన హెడ్డాఫీసు ఆఫీసరు జయరాజు సారు మీద విరుచుకుపడ్డాడు. తప్పుపడ్డ చేలు ఏవో గంటలో చెబితే రెండో వారంలో మళ్ళీ వస్తామన్నాడు. లేదంటే నెలాఖరు దాకా కుదరదట. అప్పటికి క్రాసింగు సగం అయిపోతుంది. నేను తల వంచుకుని కూర్చున్నాను కానీ చెవులు అక్కడే ఉన్నాయి. ఇప్పుడామెను తిడతారని ఎదురుచూస్తున్నాను.

"జూన్ ఎనిమిదికి నిజంగనే ఏసినోళ్ళు సుత ఉన్నరు. బోర్లున్నోళ్ళు. అండ్ల కెల్లి తప్పుయి ఏరుడెట్ల?" అన్నాడు సారు.

"ఏరొచ్చు సార్" అంది మెహజబీన్. మౌసు చేతిలోకి తీసుకుంది. "తారీకు ఎవరు చెప్పిండ్రో ప్రతి చీటికి రాసిన. ఒక గడి ఎక్కువ పెట్టుకున్న."

తెర మీద కొత్త జాబితా తెరుచుకుంది. చెప్పినవారు. కింద ఫీల్డు మనుషుల పేర్లు, ఆ పేర్ల చివర నాగేశ్. ఆమె దాన్ని నొక్కింది. రెండు వందల పన్నెండు వరసలు. ప్రతి వరసలో జూన్ ఎనిమిది, ప్రతి వరస చివర నా పేరు. ప్రింటరు దాన్ని పేజీ తర్వాత పేజీగా బయటికి తోస్తుంటే ఆఫీసరు ఒక్కో పేజీ అందుకున్నాడు.

"అన్న చానా సాయం చేస్తుండు సార్. ఆయన పేరు హెడ్డాఫీసుల తెల్వాలె అని పెట్టిన" అంది ఆమె మెల్లగా.

జయరాజు సారు నా వైపు తిరిగాడు. "నువ్వు చేను చేసేటోనివి గాదా? మిరుగం ఎన్ని దినాలో నీకు తెల్వదా?"

మెహజబీన్ నా ముఖం చూసింది. చూడగానే ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆ పెద్ద కళ్ళలో మొదట ఆశ్చర్యం, తర్వాత నొప్పి కనిపించాయి. ఆమె ఒక్క మాట అంటే చాలు, పర్మినెంట్ కాగితం మీద నా పేరు పడే ముచ్చట అక్కడితో తీరిపోతుంది.

"తప్పు నాదే సార్" అంది. "ఏ తారీకు అని అడిగిన. ఎప్పటి దాంక అని అడగలే. అన్న అడిగినదానికి చెప్పిండు."

జీపులు ఆగస్టు పద్నాలుగున మళ్ళీ వచ్చాయి. ఈలోపు ఫీల్డు మనుషులు ఇల్లిల్లూ తిరిగి సరైన తేదీలు తెచ్చారు. నెలాఖరుకు కాగితం మీద ఆమె పేరే వెళ్ళింది. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు, మునుపటిలాగే నాగేశన్నా అని పిలిచేది.

ఉద్యోగం ఆమెకు దక్కినందుకు నేను ఏడ్చింది నాలుగు రోజులు. తప్పు నాదే అన్న ఆ ఒక్క మాటకు మాత్రం ఈనాటికీ ఏడుస్తున్నాను. నేను ఆమె స్థానంలో ఉంటే ఆ మాట అని ఉండేవాణ్ణి కాదు, ఆ సంగతి ఆ గదిలో ఆమెకూ తెలుసు.