పక్కింటి వేన్నీళ్ళు

మా బిల్డింగు మొత్తానికి వేన్నీళ్ళు కాచేది ఒక్కటే బాయిలర్. కింద కార్ పార్కులో ఓ మూల, తాళం వేసిన గదిలో ఉంటుంది. అక్కణ్ణించి వేడినీళ్ళు గొట్టాల్లో పైకీ కిందికీ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఎవరు కుళాయి తిప్పితే వాళ్ళింట్లోకి మళ్ళుతాయి. గ్యాస్ అందరికీ కలిపి ఒకటే కాబట్టి, ఎవరి వాటా ఎంతో తేల్చడానికి ప్రతి ఫ్లాటుకీ ఒక మీటర్ పెట్టారు. నిజానికి ఆ మీటర్ కొలిచేది వేడిని కాదు, నీళ్ళని. ఎన్ని లీటర్ల వేన్నీళ్ళు లోపలికి వెళ్ళాయో చూసి, దాన్నిబట్టి ఎంత వేడి వాడారో లెక్కగడతారు. ఈ సంగతి మా ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఏ వస్తువు ఎలా పనిచేస్తుందో ఎవరికో ఒకరికి వివరించి చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదు.

హారిస్ పార్క్ స్టేషన్‌కి దగ్గర్లో పాత బిల్డింగు మాది. కిందికి దిగితే కరివేపాకు, ఇడ్లీ రవ్వ, వేడి జిలేబీ అన్నీ దొరుకుతాయి. ఇంట్లో గోడలకి మాత్రం చెమ్మ. కిందటేడు పాత మీటర్లు పీకేసి డిజిటల్‌వి బిగించారు. మా అంతస్తులో వరండా చివర ఒక అల్మరా ఉంది, అందులో మీటర్లన్నీ వరసగా ఉంటాయి. కొత్తవి వచ్చాక ఎవరి లెక్క వాళ్ళు ఫోన్లో చూసుకునే వీలు కలిగింది. వేన్నీళ్ళు వాడితే ఆ వేళకి ఎదురుగా ఒక నీలం గీత లేస్తుంది. వాడకపోతే లేదు.

మా గీతలు చూసి మా ఆయన మురిసిపోయాడు. నేనేమో పాథాలజీ సెంటర్లో రక్తం తీసే పని చేస్తాను. తెల్లారకముందే స్నానం చేసి, దీపం పెట్టి, బస్సెక్కాలి. సెలవురోజైనా ఆ వేళకే మెలకువ వచ్చేస్తుంది. యూనివర్సిటీకి వెళ్ళే మా అమ్మాయి రాత్రిపూట బాత్‌రూమ్‌లో దూరితే ఎప్పుడు బయటికొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. తలుపు బాదితే "అమ్మా, ఐయామ్ థింకింగ్!" అంటుంది. ముగ్గురం ఇన్ని నీళ్ళు గుమ్మరించుకుంటున్నా నెల మొత్తం చూస్తే ఒక్క మనిషి వాడినంత కూడా లేదు. నాకు అనుమానం వచ్చి అడిగితే "అంతా నేను మార్చిన షవర్ హెడ్ మహిమ" అన్నాడు. మనల్ని మెచ్చుకుంటున్న లెక్కని మనమే ఎందుకు తప్పుబడతాం? నమ్మేశాను.

పక్క ఫ్లాట్లో అంకుల్ ఉండేవారు. వరంగల్ వైపు మనిషి. ఎప్పుడో ఇంజనీరుగా ఈ దేశం వచ్చి, కెల్లీవిల్‌లో పెద్ద ఇల్లు కట్టుకుని, భార్య పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా తిరగలేక అమ్మేసి మా పక్కకి వచ్చారు. ఒక్కతే కూతురు, పెర్త్‌లో డాక్టరు. తండ్రిని తన దగ్గరికి వచ్చేయమంది, రానన్నారు. ఇంట్లో కెమెరా పెట్టిస్తానంది, తన్ని తగలేస్తానన్నారు. పడిపోతే నొక్కడానికి మెళ్ళో వేసుకునే బటన్ పంపింది. "నేను ఆవునా అమ్మా, మెడల గంట కట్టనీకి?" అని నాకు చూపించి సొరుగులో పడేశారు. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. చివరికి తండ్రీకూతుళ్ళకి రాజీ కుదిర్చింది ఆ మీటరే.

అంకుల్‌కి పొద్దున్నే స్నానం కానిదే మంచినీళ్ళు ముట్టే అలవాటు కూడా లేదు. జ్వరం వచ్చినా స్నానమే, బయట మంచు పేరుకున్నా స్నానమే. షవర్ ఉన్నా సరే, బకెట్ నింపుకుని చెంబుతో పోసుకునేవారు. కూతురు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నదే అది. నాన్న స్నానం చేశాడంటే లేచాడు, నడిచాడు, బాగున్నాడు అని ఆమె లెక్క. అంకుల్ పేరు మీదున్న యాప్ తన ఫోన్లో పెట్టుకుంది. పెర్త్‌లో నిద్ర లేస్తూనే ఆ నీలం గీత చూసుకుని, అప్పుడు పళ్ళు తోముకునేది. రోజూ ఫోన్ చేసి విసిగించడం మానేసింది.

అంకుల్‌కి కూడా ఈ ఏర్పాటు బాగా నచ్చింది. "నా బిడ్డకు నా మాట మీద కన్నా ఆ మీటర్ మీదనే నమ్మకం ఎక్కువ" అని నవ్వేవారు. "ఒక్కరోజు తానం చెయ్యకుంటే చాలు, పోలీసోళ్ళను తోలుతది."

ఒకసారి మాత్రం విసుక్కున్నారు. మా ఇంట్లో టీ తాగుతూ "రాత్రిపూట గంటసేపు వేడినీళ్ళెందుకు నాన్నా, ఒళ్ళు నొప్పులా అంటది. నేను ఎనిమిదింటికే పండుకుంటనమ్మా! నొప్పుల మందు గూడ పోస్ట్‌ల పంపింది" అని ఆ ట్యూబు మాకే ఇచ్చేశారు. మా ఆయన మోకాలికి రాసుకున్నాడు. డాక్టరు కూతురి చాదస్తం అనుకుని అందరం నవ్వుకున్నాం. ఇంతమంది చదువుకున్నవాళ్ళం కదా, ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి బుర్ర వెలగలేదు.

ఈ చలికాలంలో ఒక గురువారం మా లెక్క సున్నా చూపించింది. శుక్రవారం కూడా సున్నా. ముగ్గురం పొగలు కక్కే నీళ్ళతో స్నానాలు చేసి వస్తుంటే సున్నా ఏమిటి? మా ఆయన "మీటర్ చచ్చింది" అని తేల్చి కంపెనీకి టికెట్ రైజ్ చేశాడు. మీ ఫిర్యాదు అందింది, ఓపిక పట్టండి అని ఒక మెయిల్ వచ్చి పడింది. ఆ రెండు రోజులూ అంకుల్ కనిపించలేదు. చలికాలంలో ఆయన బయటికి రావడమే తక్కువ. నేను చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చే మనిషిని. పట్టించుకోలేదు.

శనివారం టిఫినయ్యాక మా ఆయనకి బుద్ధి ఊరుకోలేదు. తనే టెస్ట్ చేస్తానన్నాడు. నన్ను వంటింటి కుళాయి దగ్గర నిలబెట్టి, ఇంటి తలుపు బార్లా తీసి, వరండా చివర మీటర్ల ముందు నిలబడ్డాడు.

"తిప్పావా?" అని అరిచాడు.

"తిప్పాను!"

"ఇంకా తిప్పు!"

"ఇంతకన్నా తిప్పితే ఊడి చేతికొస్తుంది!"

తర్వాత పెద్దగా నవ్వు వినిపించింది. "ఓసారి ఇటు రా, తమాషా చూద్దువుగాని" అన్నాడు. వెళ్ళి చూస్తే మా ఫ్లాట్ నంబరు అంటించిన మీటర్లో అంకెలు కదలడం లేదు. దాని పక్కదానిలో పరుగులు పెడుతున్నాయి. దాని మీద అంకుల్ ఫ్లాట్ నంబరు ఉంది.

"కొత్తవి బిగించినప్పుడు రెండూ తారుమారు చేశారు, దరిద్రులు! ఏడాదిగా మన స్నానాలన్నీ అంకుల్ లెక్కలో పడుతున్నాయి" అన్నాడు.

"అయితే నీ షవర్ హెడ్ మహిమ కాదన్నమాట" అని దెప్పాను. రాత్రి స్నానాల గొడవ, నొప్పుల మందు అన్నీ అప్పుడు అర్థమై ఇంకా నవ్వొచ్చింది. అంకుల్‌కి చెబితే ఎంత నవ్వుతారో అనుకున్నాను. అలా నవ్వుతూనే ఆ కదలని మీటర్ వంక చూశాను. ఇది మాది కాదు. మరి గురువారం నుంచి సున్నా ఎవరిది?

మా ఆయన నవ్వు కూడా ఆగిపోయింది. ఇద్దరం వెళ్ళి అంకుల్ తలుపు బాదాం. పలుకు లేదు. ఆపద వస్తే పనికొస్తుందని ఆయన కూతురు మా దగ్గర ఉంచిన తాళంచెవి కోసం మా ఆయన మా ఇంట్లోకి పరిగెత్తాడు. నేను పెర్త్‌కి ఫోన్ చేశాను, అక్కడ గడియారం మాకన్నా రెండు గంటలు వెనక.

"ఏంటక్కా, ఇంత పొద్దున్నే?"

"నాన్నగారితో ఎప్పుడు మాట్లాడావమ్మా?"

"బుధవారం. బాగానే ఉన్నారక్కా. ఇప్పుడే చూశాను, ఐదుంబావుకి స్నానం కూడా అయిపోయింది."

ఐదుంబావుకి స్నానం చేసింది నేను.

ఆమెకేం చెప్పానో నాకు గుర్తులేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాం. అంకుల్ బాత్‌రూమ్ నేల మీద ఉన్నారు. బకెట్ ఖాళీగా, పొడిగా ఉంది. నీళ్ళు పట్టుకోకముందే జారిపడ్డారు. తుంటి విరిగి లేవలేకపోయారు. ఒంటి మీద ఒక్క తువ్వాలు. చెయ్యి పట్టుకుంటే నేల చల్లదనమూ ఆయన చల్లదనమూ ఒకటిగానే ఉన్నాయి. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టారు. మా ఆయన అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చేస్తుంటే నేను మంచం మీది రగ్గు లాక్కొచ్చి కప్పి, తడిగుడ్డతో ఆయన పెదాలు అద్దాను.

ఆ గోడకి అవతల మా బాత్‌రూమ్. ఈ రెండు రోజులూ నేను అక్కడ పాట పాడుకుంటూ స్నానం చేశాను.

"పిలవలేదా అంకుల్? పక్కనే ఉన్నాం కదా" అన్నాను. అడగకూడని మాటే, నోరు జారింది.

"మొదలు పిలిచిన" అన్నారు. గొంతు పెగలడం లేదు, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నారు. "మల్ల ఊకున్న. తానం చెయ్యలేదని బిడ్డ చూస్తది గదా... ఎవరినన్న తోలుతది గదా అనుకున్న." కాస్త ఆగి, "చూడలేదా అమ్మా?" అన్నారు.

చూసింది అంకుల్, రోజూ చూసింది, మీటర్ తప్పు చూపించింది. ఇంతే చెప్పవలసింది. ఒక్క ముక్కలో అయిపోయేది. కానీ ఆ స్థితిలో ఉన్న మనిషికి గొట్టాలూ మీటర్లూ ఏం చెప్పను అనిపించింది. ఆయన మనసు కుదుటపడితే చాలనుకున్నాను.

"చూసింది అంకుల్. తనే ఫోన్ చేసి మమ్మల్ని పంపింది" అన్నాను.

ఆయన నన్నే చూశారు. ఆ చూపులో కుదుటపడిందేమీ లేదు.

"గిప్పుడా?" అన్నారు. "గింత లేటుగనా?"

అని కళ్ళు మూసుకున్నారు.

అంబులెన్స్‌లో నేనూ ఎక్కాను. ఆయన చెవి దగ్గర వంగి అసలు సంగతి చెప్పాను. మీటర్లు మారిపోయాయి, మీ అమ్మాయి తప్పేం లేదు, మీరు బాగున్నారనే అనుకుంది, ఇందాక నేను అబద్ధం చెప్పాను అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. తెలుగు రాని పారామెడిక్ నేను ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నాననుకుని నా భుజం తట్టింది. అంకుల్‌కి వినిపించిందో లేదో తెలియదు. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. సాయంత్రం పోయారు. అప్పటికి కూతురు విమానంలో ఉంది.

తర్వాతి వారం కంపెనీ నుంచి ఎవరో వచ్చి, రెండు మీటర్ల మీద కాగితాలు మార్చి అంటించి వెళ్ళారు. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవ ఎలా ఉందో స్టార్లిచ్చి చెప్పండి అని మా ఆయనకి మెయిల్ వచ్చింది. అది చదివి ఆయన ఫోన్ సోఫాలోకి విసిరికొట్టి, బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. ఎవరి మీద అరవాలో మా ఇద్దరికీ తెలియలేదు. ఇప్పుడు మా లెక్క మాకు సరిగ్గా వస్తోంది. నేను మాత్రం ఆ లెక్క చూడటం మానేశాను.

పెర్త్ నుంచి వచ్చిన అంకుల్ కూతురు ఆ ఫ్లాట్లో పడుకోలేక మా ఇంట్లోనే ఉంది. మీటర్ల సంగతి ఆమెకి మా ఆయనే చెప్పాడు, బొమ్మ గీసి మరీ. ఆమె డాక్టరు, వెంటనే అర్థం చేసుకుంది. "అయితే రోజూ పొద్దున్నే నేను చూసింది నిన్నా అక్కా?" అని మాత్రం అడిగింది. నేను తలూపాను. కాసేపయ్యాక, ఎప్పుడు అడుగుతుందా అని నేను భయపడుతున్న ప్రశ్న అడిగింది.

"నా గురించి ఏమైనా అన్నారా?"

అన్నారు. నువ్వు చూస్తావని అరవడం కూడా మానేసి కాచుకున్నారు. ఇంత ఆలస్యమా అన్నారు. ఆ మాట ఆయన నోట రప్పించింది నేను.

"బిడ్డ బయల్దేరిందా అని అడిగారమ్మా" అన్నాను.

ఆమె నా ఒళ్ళో తలపెట్టుకుని బావురుమంది. వచ్చిన దగ్గర్నుంచీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

పలకరించడానికి కెల్లీవిల్ నుంచీ ద పాండ్స్ నుంచీ అంకుల్ స్నేహితులు వస్తున్నారు. వచ్చినవాళ్ళందరికీ ఆమె ఆ ఒక్క మాటే చెబుతోంది. "లాస్ట్ మినిట్‌లో కూడా బిడ్డ బయల్దేరిందా అని అడిగారట." వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆమె నా వైపు తిరిగి "కదక్కా?" అంటుంది. అందరూ నన్నే చూస్తారు. నేను అవునంటాను.