నీలావతి ఎత్తి రాయని కథ

హిందూపురం పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే నీలావతి ఏడాది పొడుగునా సెలవు అడగదు. చుట్టాల పెళ్ళిళ్ళకు అడగదు, జ్వరం కాసినా అడగదు. మే నెలలో మాత్రం పది రోజులు కావాలంటుంది. ఆ పది రోజుల కోసం పోస్టుమాస్టరుతో ఏటా ఒక చిన్న యుద్ధం జరుగుతుంది.

"ఈ ఎండల్లో పెనుకొండకు పోయి ఏం ఉద్ధరిస్తావమ్మా?" అని ఆయన.

"ఉద్ధరించేదేమీ లేదు సార్. ఎత్తి రాసేది ఉండాది," అని ఈమె.

పెనుకొండలో కొండ కింద ఒక హైస్కూలు హాస్టలు ఉంది. వేసవిలో పిల్లలు ఊళ్ళకు పోయాక అది ఖాళీ. శ్రీనివాసులు మాస్టారు తొంభై మూడులో ఆ హాస్టలు తాళాలు అడిగి తీసుకుని, కథలు రాయాలని ఉన్న వాళ్ళను పదిహేను మందిని పోగుచేసి, పది రోజులు అక్కడే ఉంచి రాయించడం మొదలుపెట్టాడు. ఆయనకు జీతం లేదు, నీలావతికీ లేదు, వంట చేసే రుక్మిణమ్మకు అసలే లేదు. పైగా రుక్మిణమ్మ తన గుండిగలు, గరిటెలు తానే మోసుకొచ్చేది. రాగిసంగటి కెలుకుతూ, "కత రాసేవాళ్ళకు ఆకలి ఎక్కువప్పా, పొలం పని చేసేవాళ్ళు నయం," అని కసురుకునేది. కసురుకుంటూనే రెండో ముద్ద వేసేది.

మొదటి ఏడు ఒక సంగతి జరిగింది. కూలి పనికి పోయే తిరుపాల్ కథ చదివితే జనం అచ్చుతప్పులు వెదికారు. నూరెకరాల రైతు కూతురు కథ చదివితే లేని గొప్పలు వెదికి మరీ మెచ్చుకున్నారు. నీలావతికి ఒళ్ళు మండిపోయింది. "సార్, కవరు మీద పేరు చూసి ఉత్తరం విలువ కడతాండారు ఈళ్ళు. పేరు పీకేద్దాం," అంది. ఆ రోజునుంచి అక్కడ ఒక ఆచారం స్థిరపడింది. ఎవరు రాసినా ఆ కాగితాలు నీలావతికే ఇవ్వాలి. ఆమె తన గుండ్రటి చేతిరాతతో తెల్లకాగితాల మీద ఎత్తి రాసి, అసలు ప్రతిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. ఆఖరి రోజు ఆ నకళ్ళు చదివేదీ ఆమే. కథ ఎవరిదో రాసినవాళ్ళకు, నీలావతికి తప్ప మూడో మనిషికి తెలియదు. బయటివాళ్ళను చదివే చోటికి రానివ్వరు.

ఆ చేతిరాత నీలావతికి మడకశిరలో వచ్చింది. వాళ్ళ నాయన అక్కడ పోస్ట్‌మన్. చదువు రాని ఆడవాళ్ళు మనియార్డరు ఫారం పట్టుకుని ఇంటికే వచ్చేవారు. తొమ్మిదేళ్ళ పిల్ల వాళ్ళు చెప్పింది చెప్పినట్టు తెలుగులోనో కన్నడలోనో రాసేది. సొంత మాట ఒక్కటి కలిపినా నాయన ఊరుకునేవాడు కాదు. దాంతో ఆమెకు ఒక నమ్మకం బిగుసుకుపోయింది. "రాయడం నాకు రాదు. ఎత్తి రాయడం వస్తాది." అయిదేళ్ళలో డెబ్భై కథలు ఎత్తి రాసింది. తనదంటూ ఒక్క వాక్యం రాయలేదు.

తొంభై ఎనిమిది మేలో ధర్మవరం నుంచి గౌరి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. నేతగాళ్ళ సొసైటీకి అర్జీలు రాయడం నేర్పిస్తారని శ్రీనివాసులు మాస్టారు ఆమె మామ ఈరన్నకు నచ్చజెప్పి పంపించాడు. మాస్టారు చెప్పింది అబద్ధం కాదు, మొదటి రోజు ఒక గంట అర్జీలు కూడా నేర్పాడు. మంచివాళ్ళ అబద్ధాలు ఇట్లాగే ఉంటాయి.

తొమ్మిది రోజులు గౌరి ఒక్క కాగితమూ ఇవ్వలేదు. పదో రోజు పొద్దున, అందరూ టిఫిన్ల దగ్గరుంటే, నీలావతి ఒళ్ళో ఒక కట్ట పెట్టింది. కాగితాలు కావు, అట్టలు. మగ్గం పైన ఉండే జాకార్డు యంత్రానికి వేలాడే పొడుగాటి డిజైను అట్టలు. ఏ దారం లేవాలో, ఏది లేవకూడదో ఆ అట్టల బెజ్జాలే చెబుతాయి. అరిగిపోయి పక్కన పడేసిన అట్టల వెనక, బెజ్జాలను తప్పించుకుంటూ, చీమల బారులా రాసుకొచ్చింది గౌరి.

"అక్కా, ఇది మీరు ఎత్తి రాస్తేనే బయట పెట్టండి. నా రాత, ఈ అట్టలు ఎవురికీ కనపడగూడదు," అంది.

"ఎందుకంత భయం?"

"మా చీరలకు పేరొచ్చింది నెమలి అంచుతో. ఆ అంచు గీసింది నేను. సొసైటీలో మామ తనదే అని చెప్పుకున్నాడు. ఈ మాట గడప దాటితే నన్ను నల్లమాడకు, మా అమ్మోళ్ళింటికి అంపిచ్చేస్తానన్నాడు. పాపను మాత్రం ఇయ్యడంట. నాలుగేండ్ల పిల్ల అక్కా."

నీలావతి తల ఊపింది. ఆ ఊపడం ఆమెకు చాలా ఏళ్ళు గుర్తుండిపోయింది.

అప్పుడు టైము తొమ్మిదిన్నర. పదకొండుకు చదవడం మొదలు, మధ్యాహ్నం బస్సులకు అందరూ వెళ్ళిపోవాలి. మిగిలిన పద్నాలుగు కథల నకళ్ళు సిద్ధంగా ఉన్నాయి. కాఫీ తాగుతూ పది అట్టలు చదివింది, ఇంకో పది చదివింది. కాఫీ చల్లారిపోయింది. అయిదేళ్ళలో ఇట్లాంటిది ఆమె చేతికి రాలేదు. ఎత్తి రాయాలంటే రెండు గంటలు కావాలి. చదవకుండా దాచిపెట్టి, వచ్చే ఏడు చదవచ్చు. అదే సరైన పని. కానీ ఈ కథ ఈ రోజే వినపడాలని ఆమెకు ఆశ పుట్టింది. ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే కదా, అట్టలు చూస్తే ఎవరికేం తెలుస్తుంది అనుకుంది. తెలివైనవాళ్ళు తప్పు చేసేముందు ఎంత బాగా లెక్క వేసుకుంటారో!

వరండాలో పద్నాలుగు కథలూ అయ్యాక అట్టల కట్ట తీసింది. గౌరి ముఖం తెల్లబోయింది. తొలి కథకు ఎవరికైనా ఉండే సిగ్గే అనుకుని నీలావతి చదవడం మొదలుపెట్టింది. మూడు అట్టలకే అందరూ కదలడం మానేశారు.

అదే సమయానికి గేటు దగ్గర ఒక ముసలాయన కనపడ్డాడు. సాయంత్రం రావాల్సిన ఈరన్న మధ్యాహ్నం ప్యాసింజరుకే వచ్చేశాడు. స్టేషను నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెద్దమనిషిని ఎండలో నిలబెట్టడం మర్యాద కాదని శ్రీనివాసులు మాస్టారు ఆచారం పక్కనపెట్టి, లోపలికి పిలిచి, వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చాడు. నీలావతికి ఆయనెవరో తెలియదు. చదువుతూనే ఉంది.

"'అంచు మామదని సొసైటీలో చప్పట్లు కొట్టారు. కోడలు గుమ్మం అవతల కండెలకు దారం చుడుతోంది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది, చేతిలో కండె ఉన్నందుకు చప్పుడు రాలేదు...'"

"ఆపమ్మా."

చెంబు కింద పెట్టి ఈరన్న లేచాడు. నడిచి ముందుకు వచ్చాడు. నీలావతి చేతిలోంచి కట్ట తీసుకుని, అట్టను వెలుతురుకు ఎత్తి చూసి, బెజ్జాల మీద వేళ్ళు పోనిచ్చాడు. అక్షరాల వంక చూడనే లేదు. ఆయనకు అక్షరాలు రావు. బెజ్జాలు మాత్రం చీకట్లో కూడా చదవగలడు.

"ఇది మా నెమలంచు. ఇవి మా మగ్గం అట్టలు. ఈ కత ఎవురిది?"

నీలావతికి అప్పుడర్థమైంది ఆయనెవరో. గౌరి కొంగు రెండు చేతులతో మెలిపెడుతోంది, తల ఎత్తలేదు.

మాస్టారు అడ్డం వచ్చాడు. "ఈడ రాసినోళ్ళ పేరు చెప్పే ఆచారం లేదప్పా."

"ఆచారం మీది. అట్టలు నావి. ఎవురిది?"

"నాది," అంది నీలావతి.

ఈరన్న ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "యా వూరు నీది?"

"మడకశిర. ఉండేది హిందూపురం."

"ఆడ మగ్గాలు యాడుండాయి?"

"గౌరిని అడిగి తెలుసుకుంటి. కాగితాలు అయిపోతే అట్టలూ ఆమే ఇచ్చింది."

"అంచు సంగతి గూడా ఆమే చెప్పిందా?"

ఒక్క క్షణం ఆలస్యమైతే ఒక నాలుగేళ్ళ పిల్ల తల్లికి దూరమవుతుంది. "లేదన్నా. అది నేను ఊరికే పుట్టించింది. ఏం, మీ ఇంట్లో అట్ల జరిగిందా?"

పదిహేను మంది ఒకేసారి ఈరన్న వైపు తిరిగారు. జరిగిందంటే సొసైటీలో పరువు పోతుంది. జరగలేదంటే కోపానికి కారణం లేదు.

"జరగలే," అన్నాడు చివరికి. కట్ట చంకలో పెట్టుకుని అక్కడే కింద కూర్చున్నాడు. "నీ కతే అయితే మిగిలింది చెప్పు. అట్టలు నాకాడ ఉంటాయి. నీ కతకు అట్టలెందుకు?"

నీలావతి పొద్దున చదివింది ఇరవై అట్టలే, ఇప్పుడు ఆగింది కూడా అక్కడే. ఆ తర్వాత గౌరి ఏం రాసిందో ఆమెకు తెలియదు. జీవితంలో ఒక్క సొంత వాక్యం రాయని మనిషి, ఊహించి కథ చెప్పడం అంటే దొంగతనం అని పెరిగిన మనిషి, అందరి ముందూ నిలబడి నోరు తెరిచింది.

"ఒగ పొద్దు బెంగళూరు నుంచి చీరలు కొనే సేటు వచ్చినాడు," అంది. "చీర మడత విప్పినాడు. అంచు మీద చెయ్యి పెట్టినాడు. 'ఈ బుద్ధి ఎవరిది?' అని అడిగినాడు."

ఆగింది. ముందుకు దారి కనపడలేదు. ఈరన్న ఆమె ముఖం చూడటం లేదు, చేతుల వంక చూస్తున్నాడు. రెప్ప వేయకుండా ఆ చేతులనే చూస్తున్నాడు. నీలావతి వాటిని కొంగులో దాచుకుంది.

"ముసలాయన మగ్గం గుంతలో నుంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. మగ్గం ఆగిపోయింది. అప్పుడు... 'మా కోడల్ని అడుగు' అన్నాడు. అంతే. కత అయిపోయింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈరన్న లేచి, అట్టల కట్ట బల్ల మీద పెట్టాడు. "పదమ్మా, బండికి టైమైతాంది," అన్నాడు గౌరితో. గౌరి సంచీ తీసుకుని ఆయన వెనక నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ మధ్యాహ్నం నీలావతి మిగిలిన అట్టలు చదివింది. గౌరి కథలో సేటు లేడు, మంచి మాట అనే మామ లేడు. కోడలు కత్తెర తీసుకుని మగ్గం మీద పడుగు దారాలన్నీ కోసేస్తుంది. చదివి నీలావతి ఏడ్చింది. తాను చెప్పిన తీపి ముగింపు తలుచుకుంటే తనకే రోత పుట్టింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఏటా ఆ కథలతో మాస్టారు ఒక చిన్న పుస్తకం వేసేవాడు, ధర్మవరానికి కూడా ప్రతులు పోయేవి. ఈ కథ ఒక్కటి లేకపోతే అనుమానం, పేరు లేకుండా వేస్తే ఇంకా అనుమానం. చెప్పిన అబద్ధం నిలబడాలంటే ఒక్కటే దారి. కథ 'నీలావతి, హిందూపురం' అని అచ్చయింది, సేటుతో సహా. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. తన బల్ల మీదికే వచ్చే ఆ కవర్లను ఆమె విప్పకుండా డ్రాయరులో పడేసేది. ఆ ముసలాయన అంచు తీసుకున్నాడు, నేను కథ తీసుకున్నాను, మా ఇద్దరిలో తేడా ఏముంది అని కుమిలిపోయేది. గౌరి నుంచి ఒక్క ముక్క రాలేదు. ఇంట్లో ఉందో, నల్లమాడలో ఉందో తెలియదు. ఉత్తరం రాస్తే ఏ గొడవ లేస్తుందోనని రాయలేదు. ఉత్తరాల మధ్య బతికే మనిషి మూడేళ్ళు ఒక్క ఉత్తరం కోసం ఎదురుచూసింది. మే నెలల్లో పెనుకొండకు పోయి కథలు ఎత్తి రాసింది గానీ చదవనంది. మాస్టారే చదువుకున్నాడు.

రెండువేల ఒకటి ఏప్రిల్లో ధర్మవరం ముద్రతో ఒక పార్సెల్ వచ్చింది. పైన నీలావతి పేరు. విప్పితే అట్టల కట్ట, మీద ఒక చీటీ.

"అక్కా, నేను ఇంట్లోనే ఉండా. పాప బడికి పోతాంది. ఆ కత నాదేనని మామకు ఆ పొద్దే తెలిసిపోయిందంట. బండిలో ఒకటే మాటన్నాడు. 'ఆయమ్మ చేతులకు మగ్గం తగల్లే. కత సగం దాకా మగ్గం ఉండాది, ఆపైన లేదు' అని. నన్ను అంపిచ్చేస్తాడని ఆ రాత్రంతా పాపను పట్టుకుని కూచున్నా. అంపిచ్చలే. ఆ సంగతే మళ్ళీ ఎత్తలే. అంచు ఇప్పటికీ సొసైటీలో ఆయన పేరు మీదే ఉండాది. మీరు కతలో చెప్పిన ఆ 'మా కోడల్ని అడుగు' అనే మాట ఆయన నోట రాలే. వస్తాదని గూడా నాకు నమ్మకం లేదు. పోయిన నెల మాత్రం కొత్త అట్టలు కోసి తెచ్చి నా పక్కన పెట్టి పోయినాడు. ఎందుకని నేను అడగలే, ఆయన చెప్పలే. చూడండక్కా, ఒగదానికి గూడా బెజ్జం లేదు. ఆ పాత కత మీ పేరుతోనే ఉండనీండి. ఇది మాత్రం నాది."

నీలావతి ఒక్కొక్క అట్టనూ తిప్పి చూసింది. ఒక్క బెజ్జమూ లేదు. అక్షరాలు దేన్నీ తప్పించుకోకుండా ఈ చివరినుంచి ఆ చివరికి సాగిపోయాయి. మొదటి అట్ట మీద, కథ పేరు కన్నా పైన, రాసినామె తన పేరు రాసుకుంది.

మేలో పెనుకొండ వరండాలో ఆఖరి రోజు మాస్టారు నకళ్ళు చదవడం ముగించాడు. నీలావతి లేచి, సంచీలోంచి అట్టల కట్ట తీసింది.

"ఏమమ్మా, ఎత్తి రాయలేదా?" అన్నాడు మాస్టారు.

"లేదు సార్. దీన్ని ఎత్తి రాయను," అంది నీలావతి.

మూడేళ్ళ తర్వాత జనం ముందు నిలబడింది. మొదటి అట్ట అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకుని, ముందు పేరు చదివింది.

"గౌరి, ధర్మవరం."