మాస్టారి జపాన్ వాచీ

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని గత మంగళవారం పొద్దున్నే నందిగామ నుంచి ఫోను వచ్చింది. జగ్గయ్యపేటలో నేను పనిచేసే బడికి బయల్దేరుతూ షర్టు గుండీలు పెట్టుకుంటున్నాను. వెంటనే ఏడుపు రాలేదు. బీరువా వైపు చూశాను. బాగుచేయించి తెస్తానని తీసుకున్న ఆయన వాచీ మూడు నెలలుగా అందులోనే ఉంది.

ఆ వాచీ గురించి తెలియనివాళ్లకు చెప్పాలి. రిటైరైన నెలలో మాస్టారు హైదరాబాదు వెళ్లి మరీ కొనుక్కున్న జపాన్ వాచీ అది. బ్యాటరీ ఉండదు, రోజూ చేత్తో కీ ఇవ్వాలి. తెల్లటి పింగాణీ డయలు, అంకెలు లేవు, నీలం రంగు సెకన్ల ముల్లు, తోలు బెల్టు. బంగారు రంగు లేదని మావాళ్లు చాలామంది అది చవక రకం అనుకున్నారు. మాస్టారు నవ్వి, వాచీ తిప్పి, వెనక అద్దంలోంచి చక్రాలు చూపించేవారు. "చూడరా, పెట్టుకుంటే ఈ వైపు ఎవరికీ కనపడదు. అయినా ఎంత నునుపు చేశారో!" అనేవారు. మా నోటు పుస్తకాలు కూడా అలాగే చివరి పేజీ నుంచి దిద్దేవారు.

నందిగామలో మా పేట పెళ్లికొడుకులు చర్చికి సూటుతో వెళ్తారు. సూటు విజయవాడలో అద్దెకు దొరుకుతుంది. అలాంటి వాచీ దొరకదు. అందుకని పెళ్లి కుదిరిన ప్రతి కుర్రాడూ మాస్టారి ఇంటికి వచ్చేవాడు. ఆయన కాదనేవారు కాదు. కానీ కీ ఇవ్వడం నేర్పకుండా పంపేవారూ కాదు. "మెల్లగా తిప్పు నాయనా. గట్టిపడగానే ఆపెయ్. ఇంకొక్క చుట్టు అన్నావంటే స్ప్రింగు పోద్ది." మా పేట ఆల్బములన్నిట్లో పెళ్లికొడుకులు మారతారు, వాచీ మారదు. నేనైతే ఆ మురిపెంలో నలుగు పెట్టేటప్పుడు కూడా తీయలేదు. బెల్టు అంచు పసుపైపోయింది. కొత్తది కొనిస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. "ఉండనీరా, ఇన్ని పెళ్లిళ్లు చేసిన వాచీకి కాస్త పసుపన్నా అంటొద్దా" అన్నారు.

ఈ వేసవిలో ఒక ఆదివారం వెళ్తే ఆయనే దిగులుగా దాన్ని నా చేతిలో పెట్టారు.

"పొద్దున కీ ఇస్తే మధ్యాహ్నానికే ఆగిపోతోందిరా. ఎవరికన్నా చూపించు. తొందరేం లేదులే."

ఆ చివరి మాట పట్టుకుని నేను బద్ధకించాను. బడులు తెరిచారు, వానలొచ్చాయి, ఏదో ఒక వంక. ఆయన ఫోన్లో మా పిల్లల గురించి అడిగేవారు, వాచీ మాట ఎత్తేవారు కాదు. అడిగి తిట్టినా బాగుండేది.

మంగళవారం నందిగామ వెళ్లి సమాధి అయ్యేదాకా ఉన్నాను. వాచీ తీసుకెళ్లే ముఖం లేకపోయింది. మర్నాడు జగ్గయ్యపేట బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే ఆయనకిచ్చాను. ఆయన భూతద్దంతో వెనకంతా చూసి, కీ తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూనే ఉన్నాడు.

"దీనికేం రోగం లేదండి. సరిగ్గా కీ ఇవ్వట్లేదంతే. ఎవరిది?"

"మా మాస్టారిదండి. పెద్దాయన."

"అయితే వేళ్లలో పట్టు తగ్గుంటది. నాలుగు చుట్లకే గట్టిగా తగిలుంటది ఆయనకి. ఇంక తిప్పితే స్ప్రింగు పోద్దని ఆపేసుంటారు."

ఒక రోజంతా పెట్టుకుని చూశాను. నిమిషం తేడా లేకుండా నడిచింది. ఆ ఆదివారమే ఆయన ఎదురుగా కూర్చుని నేను కీ తిప్పి చూసి ఉంటే, ఈ మూడు నెలలూ వాచీ ఆయన చేతికే ఉండేది. వేళ్ల సంగతి కూడా నాకు తెలిసేది. ఏమైందండీ అని ఆ చెయ్యి పట్టుకుని చూసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఆయన నా చెయ్యి పట్టుకుని రాయించారే గాని, నేను ఆయన చెయ్యి పట్టుకున్నది లేదు. ఇప్పుడు ఒక్కసారి పట్టుకోవాలని ఎంతగానో అనిపిస్తోంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారి ఇంటికి వెళ్లి, మేమంతా అమ్మగారని పిలిచే ఆయన భార్యకు వాచీ ఇచ్చాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. ముఖం ఒక్కసారిగా వెలిగింది. గబుక్కున పడగ్గది వైపు తిరిగి, "ఏవండీ, మీ వాచీ వచ్చింది!" అని కేకేశారు.

ఇద్దరం అటే చూశాం. కిటికీ గాలికి ఆ గది గుమ్మం తెర ఒకసారి మా వైపు వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది.