అరలో పదకొండు కప్పులు

"షాపు మూసేస్తున్నానని నిన్న చెప్పేద్దామనుకున్నా తమ్ముడూ, ఆ బామ్మ, తోమె, చెప్పనిస్తేగా!"

అన్నాడు త్సునెజో. మా రేవులో నలభై ఏళ్లుగా అన్నం ముద్దల మీద చేపముక్కలు పెట్టి సుషీ చేస్తున్న ఆయన వేళ్లు ఇప్పుడు సరిగా ముడుచుకోవు.

"కానాగంత చేప సుషీ తిని, ‘ముద్ద వదులైందిరా, ముసలాడివైపోయావు’ అని వెక్కిరించింది. తన టీ కప్పు మాత్రం రేపటికని అరలో పెట్టించి మరీ పోయింది."

ఆ అరలో రోజూ వచ్చేవాళ్ల పేర్లు రాసిన టీ కప్పులు పదకొండు, అందులో నాదొకటి. కప్పు ఉన్నంతకాలం ఆ మనిషికి ఇక్కడ చోటున్నట్టే. అందుకే ఆయన మూయలేడు. విసుక్కుంటూనే రోజూ వాటిని మెరిసేలా తుడుస్తాడు.

ఇవాళ నా కప్పు తీసి, ఇంకోసారి తుడిచి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు మొదలుపెడితే మిగతావాళ్లూ వాళ్లవి తీసుకెళ్తారు. బామ్మ ఇంటి ముందునుంచే వెళ్లు, ఆవిడకి కనబడాలి."