‘క్లాసులండీ’ అన్నందుకు

నలభై ఏడేళ్ళ వయసులో, సొంత ఇంట్లో, సొంత కుర్చీలో కూర్చుని, మెడలో పూలదండతో నేను పరీక్ష తప్పాను. దండ వేసి మరీ తప్పించారు. ఎలాగో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం రెండేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతూనే ఉంది.

అంతకుముందు నేను చేపల మేత అమ్మే కంపెనీలో ఏరియా మేనేజరుని. కొల్లేరు చుట్టూ ఉన్న చెరువు గట్లమీద మోటారు సైకిలు తోలి తోలి నడుం అరగదీసుకున్నవాణ్ణి. కంపెనీ చేతులు మారింది. కొత్తగా వచ్చిన హెచ్.ఆర్. కుర్రాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “మీ అనుభవం చాలా గొప్పదండీ, కానీ పీజీ లేదు కదండీ” అన్నాడు. అంత మర్యాదగా ఉద్యోగం పీకడం మా ప్రాంతంలోనే సాధ్యం. పైగా కాఫీ తెప్పించాడు. నోరారా తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు దుర్మార్గుడు. ఆ కాఫీ తాగి బయటికొచ్చిన కోపంలోనే ఆన్‌లైన్ ఎం.బి.ఏ.లో చేరిపోయాను.

కోపం ఒక్కటే కాదు, ఆశ కూడా ఉందనుకోండి. కైకలూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆయనకి నేను తెలుసు. మొదటి సెమిస్టరు పాసై చూపిస్తే చాలు, మేనేజరుగా తీసుకుంటానన్నాడు. రాతపరీక్షలు ఎలాగో గట్టెక్కాయి. మిగిలింది వైవా, అంటే ఆన్‌లైన్‌లో నోటి పరీక్ష. అది పాసైతే ఉద్యోగం, లేకపోతే లేదు.

ఇక మా కాలనీ సంగతి. ఏలూరులో మగవాడు పగటిపూట ఇంట్లో కనిపిస్తే ఊరుకోరు. ఖాళీయే కదండీ అని ఒకాయన వాళ్ళ గ్యాసు బండ దింపించమనేవాడు. ఖాళీయే కదండీ అని ఇంకొకావిడ వాళ్ళ అత్తగారిని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళమనేది. అంత మెత్తగా అడుగుతుంటే కాదనడం నా నోటికి రాదు. “అలాగేనండీ” అనేసి, ఇంట్లోకొచ్చి మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి.

కాలనీ సంఘం కార్యదర్శి భాస్కరంగారు ఇరిగేషన్ ఆఫీసులో రిటైరైన మనిషి. ఎదురింట్లోనే ఉంటారు. ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర పట్టుకుని, “ఏవండీ, ఈమధ్య ఇంట్లోనే కనిపిస్తున్నారు. ఏం చేస్తున్నారేంటండీ?” అని అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“క్లాసులండీ, ఆన్‌లైన్‌లో” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. చాలా మంచి పని చేస్తున్నారంటూ నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇందులో అంత సంతోషించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. సాయంత్రం పాల ప్యాకెట్టుకి వెళ్తే, కొట్టు ఆయన “మాస్టారిని ముందు రానివ్వండి” అని వరసలో వాళ్ళని పక్కకి జరిపాడు. అప్పుడర్థమైంది. నేను క్లాసులు చెబుతున్నాననుకున్నారు వీళ్ళంతా.

అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఎందుకంటే ఆ మర్నాటి నుంచి గ్యాసు బండలు ఆగిపోయాయి. అత్తగార్లు ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టారు. నేను కిటికీ పక్కన చదువుకుంటుంటే పిల్లలు కూడా మెల్లగా అడుగులేసుకుంటూ పోయేవారు. ఎదిగిన మనిషిని, ఇంత గౌరవం కాళ్ళదగ్గరికొస్తే తన్నేస్తానా?

మా ఆవిడ సుజాతకి మాత్రం ఇది నచ్చలేదు. తను నిజంగానే టీచరు, పెదవేగి దగ్గర బళ్ళో. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, రోజూ రెండు బస్సులు మారి వెళ్ళి పాఠాలు చెప్పి వస్తుంది. ఈ కాలనీలో ఒక్కరూ తనని టీచరుగారూ అని పిలిచిన పాపాన పోలేదు. వెంటనే నిజం చెప్పెయ్యమంది. వైవా అయ్యాక చెబుతాలే అన్నాను.

వైవా రోజు రానే వచ్చింది. కెమెరా ముందు నేను తప్ప ఇంకెవరూ కనిపించకూడదు, కనిపిస్తే ఏం చెయ్యాలన్నది ఎగ్జామినరు ఇష్టం, కెమెరా మూసుకుపోతే మాత్రం పరీక్ష దానంతటదే ఆగిపోతుందని ముందే హెచ్చరించారు. సుజాత బడికి వెళ్తూ తలుపు గడియ వేసుకోమని చెప్పే వెళ్ళింది. ఉక్కపోతకి గాలాడదని ఓరగా వేసి ఊరుకున్నాను.

ఎగ్జామినరు లావణ్యగారిది తాడేపల్లిగూడేనట. ముప్ఫై కూడా ఉండవేమో, చాలా నెమ్మదిగా మాట్లాడింది. రెండు ప్రశ్నలు బాగానే చెప్పాను. మూడోది డిమాండ్ ఫోర్‌కాస్టింగ్ అంటే ఏమిటని. చదివాను, రెండుసార్లు చదివాను. అయినా బుర్రలో ఏమీ మిగల్లేదు. “అంటేనండీ... అంటే...” అని నేను నీళ్ళు నములుతుండగా తలుపు తెరుచుకుంది.

ఆరోజు గురుపూజోత్సవం అన్న సంగతి నాకు గుర్తులేదు. మా కాలనీకి గుర్తుంది.

భాస్కరంగారు ముందు, సంఘం వాళ్ళంతా వెనక. పళ్ళెంలో అరటిపళ్ళు, దండ, జరీ శాలువా. నేను చేత్తో వద్దు వద్దని సైగ చేస్తుంటే అది వినయమనుకుని మురిసిపోయారు. దండ మెడలో పడింది. శాలువా భుజాలమీద పడింది. చప్పట్లు కొట్టారు.

“అక్కడ ఎవరండీ?” అంది లాప్‌టాప్‌లోంచి లావణ్యగారు. “మీరు నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు.”

భాస్కరంగారు కళ్ళజోడు సవరించుకుని తెరలోకి వంగి చూశారు. చిన్నపిల్ల, చేతిలో పెన్ను. ఆయనకి విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నారు.

“అమ్మాయ్, ఇవాళ్టి రోజున కూడా మాస్టారికి ఎదురు ప్రశ్నలేంటమ్మా? ఆయన చెప్పింది బుద్ధిగా రాసుకో.”

“రాసుకుందామనే కూర్చున్నానండీ” అంది ఆవిడ. “ఆయనే ఇంకా ఏమీ చెప్పలేదు.”

“చెప్పండి మాస్టారూ, మేమూ వింటాం” అంటూ భాస్కరంగారు సోఫాలో కూర్చున్నారు. మిగతావాళ్ళు చోటు చూసుకుని సర్దుకున్నారు. ఒకాయన ఫ్యాను స్పీడు పెంచాడు.

నాకు తల తిరిగిపోయింది. హెచ్.ఆర్. కుర్రాడి మీద కోపం, వాడి కాఫీ మీద కోపం, ఈ పెద్దమనుషుల మీద, నామీద నాకున్న కోపం, అంతా ఒక్కసారిగా గొంతులోకొచ్చింది. అరిచేశాను.

“నేను మాస్టారిని కానండీ. ఆవిడ నన్ను పరీక్ష చేస్తోందండీ. నాకు ఉద్యోగం పోయిందండీ. ఇది పాసైతే తప్ప మళ్ళీ రాదండీ. దయచేసి అందరూ బయటికి పొండి.”

చూశారా, అంత కోపంలోనూ అండీలు వదల్లేదు. మా నీళ్ళు అలాంటివి.

భాస్కరంగారు లేచి, ముందే చెబితే మేమేమన్నా అనుకుంటామాండీ అని నొచ్చుకున్నారు. నా భుజాలమీంచి శాలువా మెల్లగా తీశారు. హమ్మయ్య, వెళ్ళిపోతున్నారనుకున్నాను. అటు తెరమీద లావణ్యగారు కూడా పోన్లెండి, మళ్ళీ మొదలుపెడదాం అన్నట్టు నవ్వుతోంది.

కానీ భాస్కరంగారు పద్ధతి తెలిసిన మనిషి. గురువు ఎదురుగా ఉండగా శాలువా వెనక్కి పట్టుకుపోతారా?

“తప్పయిపోయిందమ్మా. చిన్నదానివైనా గురువువి. ఇది నీకే చెందాలి” అని, రెండు చేతులతో శాలువా విప్పి, లాప్‌టాప్‌కి నిండా కప్పారు.

అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. నేను శాలువా లాగి చూసేసరికి లావణ్యగారు లేరు. కెమెరా మూసినందుకు పరీక్ష రద్దయిందన్న ముక్క మాత్రం తెరమీద ఉంది. మళ్ళీ వైవాకి కూర్చోవాలంటే ఆరు నెలలు ఆగాలన్నారు. కైకలూరు ఉద్యోగం అత్తిలి కుర్రాడెవరికో వెళ్ళిపోయింది.

సాయంత్రం సుజాత వచ్చి జరిగిందంతా విని, పడీపడీ నవ్వి, శాలువా మడతపెట్టి తన బీరువాలో పెట్టుకుంది. కాదనడానికి నాకు మొహం ఎక్కడిది?

తర్వాత ఆ వైవా పాసయ్యాను, గడియ వేసుకునే. కానీ ఈలోగా బాగా ఆలోచించి నా నేరం ఎక్కడుందో కనిపెట్టాను. క్లాసులు ‘వింటున్నాను’ అనకుండా ఉత్త ‘క్లాసులండీ’ అని వదిలేశాను. అందుకని మీ అందరి ఎదుటా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, క్రియాపదం లేని వాక్యాన్ని ఏలూరులో ఎవరికీ అప్పగించను.